అల ఎక్కడ ఆగింది, గాలి ఎక్కడ అందుకుంది

సముద్రం చూడకుండా ఇరవై మూడేళ్లు బతికినదాన్ని నేను. అలాంటిదాన్ని పోయి పోయి సముద్రపు ఇసుక మెరకల మీద పరిశోధనకు చేరాను. ఇంట్లోవాళ్లు తల పట్టుకున్నారు. మా సారు తల పట్టుకోలేదు, అంతకన్నా చెడ్డ పని చేశారు. జాలిపడ్డారు. "మీ హైదరాబాదువాళ్లకి హుస్సేన్‌సాగరే సముద్రం కదమ్మా, ఎలా నెట్టుకొస్తావో ఏమో" అన్నారు మొదటి రోజే. నాకు ఒళ్లు మండిపోయింది. పైకి మాత్రం బుద్ధిమంతురాలిలా నవ్వి ఊరుకున్నాను. ఆయన చేతిలో నా సీటు ఉంది మరి.

సముద్రం తెలియకపోతేనేం, ఇసుక తెలుసు నాకు. నయాపూల్ వెనక గల్లీలో పుట్టి, ఊహ తెలిసేనాటికి ఇసుక కుప్ప మీదే ఆడుకున్నాను. మా బాపు ఇళ్లకు రంగులు వేస్తాడు. అమ్మది సున్నపు పని. పాతబస్తీలో నవాబుల కాలపు దేవిడీలనే పెద్ద భవంతులు ఇంకా కొన్ని మిగిలాయి కదా, వాటి గోడలకు సిమెంటు పనికిరాదు. సున్నం, ఇసుక కలిపిన గచ్చే పూయాలి. ఆ గచ్చు పూసేది మేస్త్రీలు. ఆ గచ్చుకు ఇసుక తయారుచేసేది మా అమ్మ. ఊరి చివర జల్పల్లిలో చిన్న ప్లాటు కొనుక్కుని రెండు గదులు వేసుకున్నాక కూడా, పొద్దున్నే రెండు బస్సులు మారి అదే పాతబస్తీకి, అదే పనికి పోయి వస్తుంది.

జల్లెడ పట్టడం ఎవరికైనా వస్తుంది. గోడ అద్దంలా మెరవాలంటే ఆఖరి పూతకు జల్లెడ పట్టిన ఇసుక చాలదు. అప్పుడు అమ్మ రేకు చాట తీసుకుని మేడ ఎక్కుతుంది. ఎండిన ఇసుకను చాటలో పోసుకుని, భుజం దాకా ఎత్తి, గాలివాటం చూసి సన్నటి ధారగా జారవిడుస్తుంది. కింద పాత ఫ్లెక్సీ పరిచి ఉంటుంది. ముతక ఇసుక కాళ్ల దగ్గరే పడుతుంది. సన్నది కాస్త దూరం పోయి పడుతుంది. దుమ్ము అసలు కనబడకుండా పోతుంది. ఆ మధ్యలో పడిన ఇసుకనే తీసుకుని మేస్త్రీకి ఇస్తుంది. దీన్ని మావాళ్లు ఎగరబోసుడు అంటారు. మా నాయనమ్మ దగ్గర నేర్చుకుందట. ఈ పని తెలిసినవాళ్లు ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు.

సారుది కోస్తా. ఉద్యోగం వచ్చి ఎప్పుడో హైదరాబాదు వచ్చారు. మలక్‌పేటలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. మాట మాత్రం ఇప్పటికీ అక్కడిదే. వాళ్ల సొంత ఊరు ఒక పెద్ద ఇసుక మెరక మీద ఉంటుంది. ఇప్పుడు సముద్రం ఆ ఊరికి బస్సులో గంట దూరం. అయినా ఒకప్పుడు సముద్రం వాళ్ల ఇంటి గుమ్మం దాకా వచ్చిందనేది ఆయన నమ్మకం. ఆ మెరక తల ఎంత ఎత్తున ఉందో, ఒకనాడు సముద్రమట్టమూ దాదాపు అంత ఎత్తున ఉండేదనీ, తర్వాత దిగిపోయిందనీ ఏళ్ల తరబడి క్లాసులో చెబుతూ వచ్చారు. నాకు ఆ మెరకనే పనిగా ఇచ్చారు. నేను పోయి ఆయన మాట నిజమని కొలిచి రావాలన్నమాట.

ఈ మెరకల సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. పెద్ద కష్టమేమీ లేదు. నది ఇసుకను మోసుకొచ్చి సముద్రంలో పోస్తుంది. సముద్రం దాన్ని ఉంచుకోదు, అలలతో మళ్లీ ఒడ్డుకు తోస్తుంది. తుఫాను అలలు ఇంకా గట్టిగా తోసి, తాము ఎక్కగలిగినంత ఎత్తున ఒక గట్టులా పేర్చి పోతాయి. సముద్రమట్టం నిలకడగా ఉండి, ఇసుక వస్తూనే ఉంటే, ఆ గట్టు ముందు మరో గట్టు పుడుతుంది. ఒడ్డు ముందుకు జరుగుతుంది. పాత గట్టు వెనక నేల మీద ఉండిపోతుంది. అందుకే కోస్తాలో సముద్రానికి ఎంతో లోపల కూడా ఒడ్డుకు సమాంతరంగా వరుసలు వరుసలుగా ఇసుక మెరకలు కనబడతాయి. ఊళ్లు మెరకల మీద ఉంటాయి. వరి మడులు మధ్య పల్లాల్లో ఉంటాయి. ప్రతి మెరకా ఒకనాటి సముద్రపు ఒడ్డే.

అక్కడితో అయిపోతే బాగుండేది. గాలి ఊరుకోదు కదా. ఒడ్డున ఎండిన ఇసుకను లేపుకొచ్చి గట్టు మీద పోస్తుంది. అక్కడ బాలబంద తీగలు, రావణాసురుడి మీసాలనే ముళ్ల గడ్డి ఆ ఇసుకను పట్టుకుని కదలనివ్వవు. అలా దిబ్బ పెరుగుతుంది. అల ఎక్కగలిగిన ఎత్తు సముద్రమట్టాన్ని బట్టి ఉంటుంది. గాలి పోసే ఎత్తుకు సముద్రమట్టంతో సంబంధమే లేదు. కాబట్టి మెరకను చూసి పాత సముద్రమట్టం చెప్పాలంటే దాని తల కొలిస్తే లాభం లేదు. లోపల అల పేర్చిన ఇసుక ఎక్కడ ఆగిందో, గాలి పోసిన ఇసుక ఎక్కడ మొదలైందో ఆ గీత పట్టుకోవాలి. నా పరిశోధన అంతా ఆ ఒక్క గీత కోసమే.

మొదటిసారి వెళ్లేటప్పుడు అమ్మ తన జల్లెడ నా సంచిలో పెట్టింది. సారు ముందు మురికి ఇసుక పెట్టొద్దని, జల్లించి కడిగి తీసుకుపొమ్మని మరీ మరీ చెప్పింది. నేను తలూపాను. నాకు అప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు. ఇసుక పనివాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. జల్లించని ఇసుకను గడప దాటించడం మాకు వండని బియ్యం వడ్డించినట్టే. గచ్చులో గవ్వ ముక్క పడితే గోడ పొక్కుతుంది, ఉప్పు ఉంటే పూత రాలిపోతుంది. మేస్త్రీ చేత తిట్లు తినీ తినీ మా అమ్మకు పట్టుకున్న భయం నాకూ పట్టుకుంది.

సారు వాళ్ల ఊళ్లో రోడ్డు కోసమని మెరకను ఒక పక్క నిలువునా కోశారు. అడుగు నుంచి తల దాకా ఇసుక గోడలా నిలబడి ఉంది, రెండు నిలువుల ఎత్తు. నేను నిచ్చెన వేసుకుని జానెడుకొక సంచి చొప్పున ఇసుక తీశాను. తీసినదాన్ని తీసినట్టు అమ్మ జల్లెడలో పట్టాను. గవ్వ ముక్కలు, గులకలు, నల్లటి పెచ్చులు అన్నీ ఏరి అవతల పారేశాను. ఊరి పంపు దగ్గర కూర్చుని ఉప్పు పోయేదాకా కడిగాను. ఊళ్లో ఆడవాళ్లు నన్ను వింతగా చూశారు. నేనేమో నా పని నైపుణ్యానికి మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఇంత పిచ్చిదాన్ని ఇంకెక్కడైనా చూశారా!

డిపార్ట్‌మెంటుకు తిరిగి వచ్చి, ముత్యాల్లాంటి ఇసుక సంచులు సారు బల్ల మీద వరుసగా పేర్చాను. ఆయన ఒక సంచి విప్పారు, రెండో సంచి విప్పారు. మూడోది విప్పకుండానే నా మొహంలోకి చూశారు. గవ్వలేవీ అని అడిగారు. చెత్త ఏరేశానని చెప్పాను. నల్ల ఇసుక ఏది అని అడిగారు. కడిగేశానని చెప్పాను. విప్పిన సంచుల మూతి మళ్లీ కట్టేశారు.

"సాక్ష్యాన్ని కడిగేసి తెచ్చావా అమ్మాయ్?" అన్నారు చివరికి.

గవ్వ ముక్కలే కదా అల వచ్చిందనడానికి గుర్తు. బరువైన నల్ల ఇసుక చారలే కదా నీళ్లు ఆడినచోటు చూపించేవి. గాలి గవ్వల్ని మోసుకురాలేదు. నేను ఆ గుర్తులన్నీ చేతులారా ఏరి పారేసి, ప్రతి సంచిలోనూ ఒకే రకం ఇసుక నింపుకొచ్చాను. నెలన్నరలో కమిటీ కూర్చుంటుంది, ఆ రోజుకు గీత చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయమని తానే రాస్తానన్నారు సారు. ఆయన కోపంగా చెప్పి ఉంటే భరించేదాన్నే. మళ్లీ అదే జాలితో చెప్పారు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. చెప్పేటప్పుడు నా గొంతులో ఉన్న కోపమంతా జల్లెడ మీద చూపించాను, దాన్ని మూలకు విసిరికొట్టాను. అమ్మ దాన్ని తీసి గోడకు ఆనించింది. అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద చేతిలో అలాగే పట్టుకుంది. "నేనే చెప్పిన గద బిడ్డా కడిగి తీస్కపొమ్మని. నా నోటితోటి నేనే నీ సీటు పోగొట్టిన" అంది. మా ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే. ఆ సీటు నాది మాత్రమే కాదని నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఫికర్ చెయ్యకు అని బాపు ఇద్దరికీ చెప్పాడు గానీ, ఆయన కూడా ఆ పూట సరిగా తినలేదు.

రెండోసారి వెళ్లేసరికి మెరకను సగం చదును చేసేశారు. అదృష్టం కొద్దీ ఒక ఇంటి కింద కోత గోడ ఇంకా మిగిలి ఉంది. ఈసారి ఇసుకను వేలితో కూడా దులపలేదు. తీసినది తీసినట్టు పదహారు సంచులు కట్టాను. అడుగున పొరలు సముద్రం వైపు మెల్లగా వాలి ఉన్నాయి, వాటిలో గవ్వలున్నాయి. పైన పొరలు అడ్డదిడ్డంగా ఉన్నాయి, వాటి నిండా గడ్డి వేళ్లే. ఇంతవరకు చంటిపిల్లకైనా తెలుస్తుంది. చిక్కంతా మధ్యలో వచ్చింది. అక్కడ కోత ఎండిపోయి, జారిపోయి, కలగాపులగమైంది. గవ్వలూ లేవు, వేళ్లూ లేవు. అల ఆగినది ఆ నాలుగు జానల మేరలో ఎక్కడో కంటికి ఆనలేదు. అక్కడి నుంచి ఇప్పటి ఒడ్డుకు కూడా వెళ్లి, ఈనాటి దిబ్బను తవ్వి, అక్కడా అల ఇసుకకూ గాలి ఇసుకకూ మధ్య గీత గుర్తుపెట్టుకుని, రెండుచోట్లా లెవల్ యంత్రంతో ఎత్తులు రాసుకొచ్చాను.

అప్పుడే సముద్రాన్ని మొదటిసారి చూశాను. అందరూ చూడగానే ఏదేదో అయిపోతుందంటారు. నాకేమీ కాలేదు. నా కళ్లన్నీ దాని కాళ్ల దగ్గరున్న ఇసుక మీదే ఉన్నాయి.

శుక్రవారం అమ్మకు దేవిడీ పనికి సెలవు. మేస్త్రీ నమాజుకు పోతాడు, పని ఆగుతుంది. ఆ మధ్యాహ్నం జల్పల్లి ఇంటి మేడ మీద సంచులు ఆరబోసుకుని, మధ్యవి నాలుగు ముందు పెట్టుకుని ఏడుపు మొహంతో కూర్చున్నాను. అమ్మ బట్టలు ఆరేయడానికి వచ్చింది. నా సంచుల వైపు రావడానికి భయపడింది పాపం, ముట్టుకుంటే మళ్లీ ఏం చెడుతుందో అని. నేనే పిలిచాను. మెరక తల దగ్గర తీసిన సంచిలోంచి దోసెడు ఇసుక ఇచ్చి, ఇది ఆఖరి పూతకు పనికొస్తుందా అని ఊరికే, ఏదో మాట కలపడానికి అడిగాను.

అమ్మ చాట తెచ్చింది. ఫ్లెక్సీ పరిచింది. భుజం దాకా ఎత్తి జారవిడిచింది. ఇసుక అంతా ఒక్కచోటే పడింది. కాళ్ల దగ్గర పడింది లేదు, దూరంగా పోయింది లేదు, దుమ్ము లేవలేదు. అమ్మ కిందికి వంగి చూసింది. మళ్లీ ఎత్తి మళ్లీ పోసింది. మళ్లీ అంతే. మొహం చిట్లించి నా వైపు తిరిగింది.

"దీన్ని నేను ఎగరబోసేదేం లేదు బిడ్డా. నాకంటె ముందుగాల్నే ఎవరో ఎగరబోసిండ్రు" అంది.

నేను ఎగిరి లేచాను. ఎవరో కాదమ్మా, గాలి! గాలి మా అమ్మ చేసే పనే చేసింది. ఒడ్డున ముతకను వదిలేసి, దుమ్మును దూరంగా పారేసి, ఒక్క సైజు ఇసుకనే తెచ్చి దిబ్బ మీద పోసింది. గబగబా అడుగుసంచి ఇచ్చాను. అమ్మ పోసింది. గవ్వ ముక్కలు టపటపా ఆమె పాదాల మీద పడ్డాయి. వాటి ముందు నల్ల ఇసుక చారకట్టింది. సన్నటిది అవతలికి పోయింది. మూడు రకాలు మూడుచోట్ల పడ్డాయి. ఇది ఎవరూ ఎగరబోయలేదు, అల తోసింది తోసినట్టుంది.

ఇక చూడండి మా ఇద్దరి హడావుడి. బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి. మధ్య సంచులు ఒక్కొక్కటీ పోస్తూ వచ్చాం. కింది నుంచి ఆరో సంచి దాకా ఇసుక విడిపోయింది. ఏడో సంచి నుంచి ఒక్కచోటే పడింది. మళ్లీ చేశాం, మళ్లీ అదే. కంటికి కనబడని గీత ఆరుకూ ఏడుకూ మధ్య, మా ఫ్లెక్సీ మీద దొరికింది. నేను అమ్మను ఎత్తుకుని గిర్రున తిప్పాను. పక్క మేడ మీద వడియాలు పెట్టుకుంటున్న ఆమె ఏంది లొల్లి అని అడిగింది. సీటు దొరికిందని చెప్పాను.

నిజానికి అప్పటికింకా దొరకలేదు. మర్నాడు ల్యాబులో పదహారు సంచులనూ ఒకదాని కింద ఒకటి పేర్చిన జల్లెళ్లలో వేసి ఊపి, ఏ జల్లెడలో ఎంత మిగిలిందో తూచి రాశాను. ఆరు దాకా ఒక తీరు, ఏడు నుంచి ఇంకో తీరు. అమ్మ చెప్పిన మాటను ల్యాబు కూడా చెప్పింది. ఆ గీత ఎత్తును ఇప్పటి ఒడ్డున ఉన్న గీత ఎత్తుతో పోల్చాను. మళ్లీ లెక్క చూసుకున్నాను. రెండూ ఒక్కటే. అంటే ఆ మెరక పుట్టినప్పుడు సముద్రం ఇప్పటి మట్టంలోనే ఉంది. ఎక్కువగా ఉన్న ఎత్తంతా గాలి పోసిందే. మా సారు ఇంటి గుమ్మం దాకా ఏ సముద్రమూ రాలేదు.

ఈ మాట ఆయనకు చెప్పాలి కదా! చెప్పాను. రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను కూడా, మొదట వేరుచేసింది మా అమ్మ అని, ఎలా చేసిందో అని. సారు ఎర్ర పెన్ను తీసి ఆ పేరా మొత్తం కొట్టేశారు. చాటతో శాస్త్రం ఏమిటన్నారు. నాకు ముందే ఒక గీత మనసులో పడిందనీ, ల్యాబు లెక్కలు దానికి తగ్గట్టు చదువుకున్నాననీ అన్నారు. తన ఇల్లు, తన ఊరు, తను ఇన్నేళ్లు చెప్పిన పాఠం అన్నీ నిన్నగాక మొన్న సముద్రం చూసిన పిల్ల చేతిలో పడ్డాయని ఆయన బాధ. అది ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం నాకు కోపం నషాళానికంటింది.

"నా సంచుల్లోంచి ఇసుక తీసి పొట్లాలు కట్టండి సార్. మీ ఇష్టమొచ్చినట్టు కలపండి, నంబర్లు మార్చండి, జాబితా మీ జేబులో పెట్టుకోండి. నాకు కూడా చూపించకండి. మా అమ్మ చెబుతుంది" అన్నాను. నోరు జారానని అనేశాకే తెలిసింది. తప్పితే సీటుతోపాటు అమ్మ పరువూ పోతుంది. సారు ఎర్ర పెన్నుకు మూత పెట్టారు. సరే, కమిటీలోని మేడం ముందు చేద్దాం, అమ్మను డిపార్ట్‌మెంటుకు తీసుకురా అన్నారు.

అమ్మ రానంది. భయపడి కాదు. ఆ వారం దేవిడీలో పెద్ద గది ఆఖరి పూత నడుస్తోంది. పూత మొదలయ్యాక గోడ మధ్యలో ఆగకూడదు, ఆగితే అతుకు కనబడుతుంది. ఇసుక అందించే మనిషి లేకపోతే పూత ఆగుతుంది. యూనివర్సిటీ అయినా సరే, ఇంకెవరైనా సరే, గోడ విడిచిపెట్టి వచ్చేది లేదని తేల్చి చెప్పింది. నేను అదే సారుకు చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఏ గల్లీయో చెప్పమన్నారు.

అలా మా సారు, ఆ మేడం ఆటో దిగి, నయాపూల్ వెనక గల్లీలో తోపుడు బండ్లను తప్పించుకుంటూ దేవిడీకి వచ్చారు. సారు చేతిలో పన్నెండు పొట్లాలున్నాయి. అమ్మ చేతులు మోచేతుల దాకా సున్నంతో తెల్లగా ఉన్నాయి. ఆయనకు నమస్తే పెట్టి, మేడ మీదికి పోదాం సార్, గాలి అక్కడ బాగుంటది అంది. గంపెడు ఇసుక ముందే అందించి పెట్టింది కాబట్టి గోడకు ఫరవాలేదు. ముసలి మేస్త్రీ మాత్రం తాపీ కొడుకు చేతిలో పెట్టి మా వెనకే మెట్లెక్కాడు. ఎక్కుతూ సారుతో ఒక మాట అన్నాడు.

"బహెన్ చెప్పిందంటే చెప్పిందే సాబ్. ఆమె ఇసుక పూసిన గోడ ఒక్కటి పొక్కలే."

అమ్మ మొదటి పొట్లం పోసింది. చూసింది. గాలి అని కుడివైపు పెట్టింది. రెండోది విడిపోయింది. అల అని ఎడమవైపు పెట్టింది. మూడోది గాలి, నాలుగోది గాలి. తొందర లేదు, తడబాటు లేదు. పూతకు ఇసుక చేసేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. తడబాటంతా నాదే. నేను పిట్టగోడకు ఆనుకుని, కళ్లు అమ్మ మీద పెట్టాలో సారు జేబు మీద పెట్టాలో తెలియక చచ్చాను. సారు మొహంలో ఏమీ తెలియడం లేదు. మేడం మాత్రం ఒక్కో పొట్లానికీ కాగితం మీద రాసుకుంటోంది.

తొమ్మిదో పొట్లం దగ్గర అమ్మ ఆగింది. ఒకసారి పోసింది. ఇంకోసారి పోసింది. పడిన ఇసుకను మునివేళ్లతో తీసి రుద్ది, నాలుక చివర తాకించి చూసింది. కుడివైపూ పెట్టలేదు, ఎడమవైపూ పెట్టలేదు. ఏడు నంబరు సంచి అయి ఉంటుంది, గీత పక్కది, అక్కడ దొరికిపోయాం అనుకున్నాను. సారు ముందుకు వంగారు. ఏమ్మా, తెలియడం లేదా అని అడిగారు.

"తెలుస్తుంది సార్. ఇది ఒక్కటి గాదు, రెండున్నయి ఇందుల. సగం గాలిది, సగం అలది. ఇది గట్ల పుట్టింది గాదు. ఎవరో చేతితోటి కలిపిండ్రు" అంది అమ్మ. ఎవరో అన్న మాట ఆయన కళ్లలోకి చూసే అంది.

సారు మిగతావి కూడా పోయమని చేత్తో సైగ చేశారు. అమ్మ మిగిలిన మూడూ పోసి, కుడీ ఎడమా పెట్టి, చాట దులిపి పక్కన నిలబెట్టింది. సారు జేబులోంచి కాగితం తీసి మేడం చేతికి ఇచ్చారు. ఆమె తన కాగితం పక్కన పెట్టి వేలితో ఒక్కొక్కటే చూస్తూ వెళ్లింది. తొమ్మిది దగ్గర వేలు ఆపి గట్టిగా నవ్వేసింది. పన్నెండూ సరిపోయాయి. ఆ తొమ్మిదోది మా సారు రాత్రి ఇంట్లో కూర్చుని స్వయంగా కలిపిన పొట్లం. వలలో వేయడానికి కలిపారు, మా అమ్మ వలను చూసి ఇది వల అని చెప్పింది.

నేను కేక పెట్టానని మేస్త్రీ తర్వాత చెప్పాడు. నాకు గుర్తు లేదు. గుర్తున్నది సారు పిట్టగోడ మీద కూర్చుండిపోవడం. కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. ఆయన ఓడిపోయినట్టు లేరు, ఏదో దూరంలో ఉన్నదాన్ని చూస్తున్నట్టున్నారు. నాకు అంతదాకా ఉన్న కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"అయితే మా ఇంటిదాకా సముద్రం రాలేదంటావా అమ్మా?" అన్నారు. నన్ను కాదు, మా అమ్మను అడిగారు.

"ఎందుకు రాలే సార్, వచ్చింది. మీ ఇంటి కింది దాంక వచ్చి పునాది ఏసిపోయింది. మీద కట్టింది గాలి" అంది అమ్మ.

సారు నవ్వారు. నేను ఆయన పూర్తిగా నవ్వడం అదే మొదటిసారి చూశాను. తన చేతిసంచిలోంచి కమిటీ ఫారం తీసి, మోకాలి మీద పెట్టుకుని అక్కడే రాయడం మొదలుపెట్టారు. రాస్తూ నా పాత రిపోర్టు అడిగారు. ఎర్ర పెన్నుతో కొట్టేసిన పేరా పక్కన, ఇది ఉంచాలి అని రాసి సంతకం పెట్టారు. ఫారం మేడంకు ఇవ్వబోయారు. అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ అడ్డం వచ్చింది. తనకు ఇంగ్లీషు రాదని, అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పమని అడిగింది. తన బిడ్డ సీటు కాగితం మీద ఉందో లేదో చెవులతో వినాలట.

సారు కళ్లజోడు పెట్టుకుని చదివారు. "ఈ అమ్మాయి చూపించిన గీత సరైనది. మెరక పుట్టినప్పుడు సముద్రం ఇప్పటి మట్టంలోనే ఉంది. దీని గురించి నేను ఇంతకాలం చెప్పింది తప్పు. ఈమె పరిశోధన కొనసాగాలి."

అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ జారనివ్వలేదు.

"ఇంకొక్కపారి చదువుండ్రి సార్" అంది.

సారు పిట్టగోడ మీంచి లేచారు. కాగితం రెండు చేతులతో పట్టుకుని, నిలబడి, కింద గదిలో గోడ పూస్తున్నవాళ్లకు కూడా వినబడేలా మళ్లీ మొదటి నుంచి చదివారు.